మీకు తెలుసా? కంట్రోల్ పట్టుకోవాలా, వదిలేయాలా?

వేలు ముందే లేస్తే

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు తెరవడానికి మాన్యువల్ ఇచ్చే సూచన చాలా పొట్టిది: సీ-ఎక్స్ సీ-ఎఫ్. ఇందులో సీ అంటే కంట్రోల్ కీ. పక్కన అడ్డగీత ఉంటే, గీత తర్వాతి అక్షరాన్ని కంట్రోల్ పట్టుకుని ఉండగానే నొక్కాలని. మధ్యలో ఖాళీ వస్తే మొదటి జత అయిపోయిందని. చదవడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం రెండో జత దగ్గర కంట్రోల్ మీది వేలు కాస్త ముందుగా లేచిందంటే ఎడిటర్‌కి చేరేది సీ-ఎక్స్, ఆ వెనక ఒట్టి ఎఫ్. అది వేరే ఆదేశం. పేరాలో లైను ఎన్ని అక్షరాల వెడల్పున విరగాలో చెప్పమని స్క్రీన్ అడుగున ఒక ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ఫైలు తెరవబోయిన కొత్తవాడికి ఈ వెడల్పు గొడవ తనకెందుకో బోధపడదు.

సేవ్ చేసేటప్పుడూ ఇదే తంతు. సీ-ఎక్స్ సీ-ఎస్ నొక్కితే ఎదురుగా ఉన్న ఫైలు సేవ్ అవుతుంది. సీ-ఎక్స్ ఎస్ నొక్కితే మార్పులు చేసి వదిలేసిన ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, దీన్ని సేవ్ చేయనా, దీన్ని చేయనా అని అడుగుతుంది.

మరి రెండు జతల మధ్య కంట్రోల్ వదలాలా? అక్కర్లేదు. అలాగని వదిలి మళ్లీ పట్టుకున్నా తప్పులేదు. ఎక్స్ నొక్కినప్పుడూ, ఎఫ్ నొక్కినప్పుడూ కంట్రోల్ కిందికి దిగి ఉండాలి, అంతే. ఈ ఒక్క ముక్క రాసే గైడ్లు అరుదు. రాసేవాళ్ల వేళ్లకి ఎప్పుడో అలవాటైపోయి, ఇదొక సందేహమని వాళ్లకి తోచదు కాబోలు.

ఒకే కీ, నాలుగు నొక్కుళ్లు

ఈమాక్స్ మాన్యువల్‌లో 'కీ' అని కనిపిస్తే కీబోర్డు మీది బిళ్ల అనుకోకండి. ఒక పని జరగడానికి వరసగా నొక్కాల్సినదంతా కలిపి దాని లెక్కలో ఒక 'కీ సీక్వెన్స్'. ఆ పేరు పొడుగని, క్లుప్తంగా కీ అనేస్తుంది. అంటే సీ-ఎక్స్ సీ-ఎఫ్ మొత్తం ఒకే కీ. మధ్యలో కంట్రోల్ వదిలి మళ్లీ పట్టుకుంటే, వేళ్ల లెక్కన నాలుగు నొక్కుళ్లు. అందులో మొదటి సగానికి 'ప్రిఫిక్స్ కీ' అని పేరు. దానంతటది ఏ పనీ చేయదు, తర్వాత ఏమొస్తుందా అని చూస్తూ ఉంటుంది. సీ-ఎక్స్ నొక్కి ఊరుకుని చూడండి: ఒక సెకను గడిచాక స్క్రీన్ అడుగున సీ-ఎక్స్ అని, దాని వెనక ఒక గీత కనిపిస్తాయి. ఇంకా పూర్తి కాలేదు, కానివ్వండి అని దాని భావం. అక్కడ సీ-హెచ్ నొక్కితే సీ-ఎక్స్‌తో మొదలయ్యే ఆదేశాలన్నీ జాబితాగా వచ్చేస్తాయి. నొక్కిన ప్రిఫిక్స్ తర్వాత ఏమేం నొక్కవచ్చో దానంతటదే చూపించే 'విచ్-కీ' అనే సదుపాయం 2025లో వచ్చిన 30వ వెర్షన్‌తో ఎడిటర్‌లోనే భాగమైంది.

నా ఉద్దేశంలో కీబోర్డు గురించి రాసే డాక్యుమెంటేషన్‌లో సగం తికమక ఇక్కడే పుడుతుంది. బిళ్ల మీద అచ్చయిన పేరు ఒకటి. దాన్ని నొక్కితే మెషీన్‌కి చేరే సంకేతం ఇంకొకటి. ఆ సంకేతానికి ఎడిటర్ కట్టిపెట్టిన పని మూడోది. మూడింటినీ ఒకే మాటతో పిలిచి, ఏ వాక్యంలో దేని గురించి మాట్లాడుతున్నామో చెప్పకపోతే చదివేవాడు చేతులెత్తేస్తాడు. కింద చెప్పే ముచ్చట్లన్నీ ఒక రకంగా ఈ మూడింటి మధ్య తగువులే.

ఎవరి కీబోర్డు మీదా లేని కీ

ఈమాక్స్‌లో ఆదేశాన్ని పేరు టైప్ చేసి నడపడానికి ముందు నొక్కే ఎమ్-ఎక్స్‌లోని ఎమ్ అంటే మెటా. మీ కీబోర్డు మీద వెతక్కండి, ఉండదు. ఒకప్పుడు స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాల కీబోర్డుల మీద ఉండేది. తర్వాత ఎం.ఐ.టి.లో తయారైన లిస్ప్ యంత్రాల 'స్పేస్ కెడెట్' కీబోర్డు మీద కంట్రోల్, మెటా, సూపర్, హైపర్ అని నాలుగు వరసగా ఉండేవి. ఈమాక్స్ పుట్టింది కూడా ఎం.ఐ.టి.లోనే, 1976లో. టీకో అనే పాత ఎడిటర్‌కి రాసిన మాక్రోల మూటగా రిచర్డ్ స్టాల్మన్, గై స్టీల్ దాన్ని మొదలుపెట్టారు. అప్పటి వాళ్ల చేతి కింద మెటా నిజంగానే ఉండేది కనుక మాన్యువల్‌లోకి అదే ఎక్కింది. ఆ యంత్రాలు పోయాయి, పేరు నిలిచింది.

ఇప్పుడు పీసీ కీబోర్డు మీద ఆ పని ఆల్ట్ చేస్తుంది. మ్యాక్‌లో ఆప్షన్ చేస్తుంది. ఈ రెండూ పనిచేయని టెర్మినల్‌లో ఎస్కేప్ చేస్తుంది, కానీ పద్ధతి వేరు. ఆల్ట్ అయితే పట్టుకుని ఉంచి ఎక్స్ నొక్కాలి. ఎస్కేప్ అయితే నొక్కి, వదిలేసి, ఆ తర్వాత ఎక్స్ నొక్కాలి. ఎమ్-ఎక్స్ అన్న ఒకే రాత కింద రెండు రకాల చేతివాటం దాగి ఉందన్నమాట. అలాంటప్పుడు మెటా అన్న పాత పేరు తీసేసి ఆల్ట్ అని రాయొచ్చుగా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తీస్తే మ్యాక్ వాళ్లు ఊరుకోరు. మెటా అన్నది ఒక పాత్ర పేరు, వేషం వేసే బిళ్ల ఊరూరా మారుతుంది. పేరు ఉండనివ్వడమే మంచిది, కాకపోతే మొదటిసారి వచ్చిన చోటే మీ ఊళ్లో ఆ వేషం ఎవరు వేస్తారో చెప్పేయాలి.

ఇంకో చిత్రం. ఈమాక్స్ రాతలో పెద్ద ఎస్ షిఫ్ట్‌కి, చిన్న ఎస్ సూపర్‌కి గుర్తు. పెద్ద ఏ అనేది 'ఆల్ట్' అనే ఇంకో మాడిఫయర్‌కి, అంటే పట్టుకుని ఉంచే కీకి గుర్తు. మీ కీబోర్డు మీద ఆల్ట్ అని రాసి ఉన్న బిళ్ల మాత్రం మామూలుగా పంపేది మెటా! దీనికి ఎవర్ని తిట్టాలో తెలియదు.

పెద్ద జీ, చిన్న జీ

విమ్ ఎడిటర్ మాన్యువల్‌లో కంట్రోల్-జీ అని ఎప్పుడూ పెద్ద బడి జీతోనే రాస్తారు. షిఫ్ట్ అక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని మామూలు జీ నొక్కితే ఫైలు పేరూ, మీరు ఏ లైనులో ఉన్నదీ అడుగున చూపిస్తుంది. అదే మాన్యువల్‌లో, అదే పేజీలోనైనా సరే, కంట్రోల్ లేకుండా పెద్ద జీ ఒంటరిగా కనిపిస్తే అది నిజంగా పెద్ద జీ. షిఫ్ట్ పట్టుకోవాలి, అప్పుడే ఫైలు చివరికి దూకుతుంది. చిన్న జీ రెండుసార్లు నొక్కితే మొదటికి వెళుతుంది. ఒకచోట పెద్ద అక్షరం అలంకారం, ఇంకోచోట ఆదేశం.

ఈమాక్స్ వాళ్లు ఈ గొడవ లేకుండా కంట్రోల్ పక్కన చిన్న బడి అక్షరమే రాస్తారు. షిఫ్ట్ కావాలంటే దాన్ని విడిగా చెబుతారు. మైక్రోసాఫ్ట్ గైడ్లలో మళ్లీ కంట్రోల్ ప్లస్ పెద్ద ఎస్. బిళ్ల మీద అచ్చయ్యేది పెద్ద అక్షరమే కాబట్టి బొమ్మకి బొమ్మ సరిపోవాలని వాళ్ల వాదం. ఎవరి వాదం వాళ్లకి సబబే. మొదటి పేజీలో చెప్పకపోవడం ఒక్కటే తప్పు.

ట్యాబ్ నొక్కినా, కంట్రోల్-ఐ నొక్కినా

టెర్మినల్‌లో ఈ రెండూ ఒకటే అంటే నమ్ముతారా? అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో పెద్ద ఏ అక్షరానికి సంఖ్య 65. కంట్రోల్ పట్టుకుంటే అందులోంచి 64 తీసేసి పంపాలన్నది పాత టెర్మినళ్ల ఒప్పందం. కంట్రోల్-ఏ కాబట్టి 1. ఐ సంఖ్య 73, అందులో 64 పోతే 9. ట్యాబ్ కీ పంపేదీ 9. ఎమ్ సంఖ్య 77, తీసేస్తే 13. ఎంటర్ పంపేదీ 13. చదరపు బ్రాకెట్ తెరిచే గుర్తుకి 91, తీసేస్తే 27, అది ఎస్కేప్. అవతల కూర్చున్న ఎడిటర్‌కి వచ్చేది అంకె ఒక్కటే. ఏ బిళ్ల నొక్కారో దానికి తెలిసే దారి లేదు. షిఫ్ట్ పట్టుకుని కంట్రోల్-ఏ నొక్కినా అదే 1 వెళుతుంది.

అందుకే కంట్రోల్-ఐకి కొత్త పని కట్టుకోండి అని ఉత్సాహంగా రాసిన సలహా టెర్మినల్‌లో పాటిస్తే ట్యాబ్ పని గల్లంతవుతుంది. విడి కిటికీలో నడిచే ఈమాక్స్‌లో ట్యాబ్ బిళ్లని వేరుగా గుర్తుపట్టే వీలుంది. మాన్యువల్ కూడా ఆ తేడా పాటిస్తుంది: ఆస్కీ సంకేతమైతే పెద్ద బడి అక్షరాల్లో, బిళ్ల అయితే కోణపు బ్రాకెట్ల మధ్య చిన్న బడి అక్షరాల్లో. తొందరగా చదివేవాడికి ఇది అచ్చులో ఏదో అలంకారంలా కనిపిస్తుంది గానీ ఇక్కడ అక్షరం సైజే అర్థం.

ఈ లెక్కలోంచే ఇంకో తలనొప్పి వచ్చింది. హెచ్ సంఖ్య 72, 64 తీస్తే 8. ఆస్కీలో 8 అంటే బ్యాక్‌స్పేస్. ఈమాక్స్‌లో సీ-హెచ్ అంటే హెల్ప్. బ్యాక్‌స్పేస్ నొక్కితే 8 పంపే టెర్మినల్ మీ పాల పడిందంటే, తప్పు చెరుపుదామని నొక్కిన ప్రతిసారీ 'మీకేం సాయం కావాలి?' అని హెల్ప్ ప్రత్యక్షం. దీన్ని సరిచేయడానికి ప్రత్యేకంగా ఒక సెట్టింగే పెట్టాల్సి వచ్చింది.

డిలీట్ అని రాస్తే డిలీట్ నొక్కకూడదు

ఈమాక్స్ మాన్యువల్‌లోనే పెద్ద బడి అక్షరాల్లో డీ, ఈ, ఎల్ అని ఉంటే, మీరు నొక్కాల్సింది బ్యాక్‌స్పేస్ అని రాసి ఉన్న బిళ్ల. డిలీట్ అని రాసి ఉన్నది కాదు. కారణం కాగితపు టేపు. ఆస్కీ 1963లో వచ్చినప్పుడు అక్షరాలు టేపు మీద ఏడు చిల్లులకు చోటున్న వరసలుగా పడేవి. తప్పు అక్షరం పడితే చిల్లుని పూడ్చలేం కదా. కాబట్టి ఏడు చోట్లా చిల్లు పొడిచేసేవారు. ఏడు చిల్లులూ ఉన్న వరసని యంత్రం లెక్కలోకి తీసుకోదు. ఏడు ఒకట్లు కలిస్తే 127. చెరిపివేతకి ఆ సంఖ్యే స్థిరపడింది, దాని పేరు డెల్. నేటి లినక్స్ టెర్మినళ్లలో చాలావాటిలో బ్యాక్‌స్పేస్ నొక్కితే వెళ్లేది ఆ 127 అంకే. మాన్యువల్ చెప్పేది సంకేతం పేరు, మీరు చదివేది బిళ్ల పేరు.

టోపీ గుర్తు

నానో ఎడిటర్ అడుగున రెండు వరసల్లో ఆదేశాల పట్టీ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ^ గుర్తు, పక్కన ఎక్స్, ఆ పక్కన 'ఎగ్జిట్'. ఇంతకన్నా మర్యాదైన ఎడిటర్ ఉండదు. కానీ ^ అంటే కంట్రోల్ అని తెలియనివాడు షిఫ్ట్ పట్టుకుని 6 నొక్కి ఆ టోపీ గుర్తు తెస్తాడు, తర్వాత ఎక్స్ నొక్కుతాడు. రెండూ బుద్ధిగా ఫైల్లో అచ్చవుతాయి. హెల్ప్ తెరిస్తే అర్థం చెప్పే ఉంది. హెల్ప్ తెరవాలంటే నొక్కాల్సింది ^ జీ.

గీత పక్కన గీత

కీలు కలిపి రాయడానికి మైక్రోసాఫ్ట్ ప్లస్ గుర్తు వాడుతుంది, యాపిల్ అడ్డగీత వాడుతుంది. నొక్కాల్సిన కీయే ప్లస్ అయితే? కంట్రోల్, ప్లస్, ప్లస్ అని రాయాలి, చూసినవాడు అచ్చుతప్పు అనుకుంటాడు. అందుకే ప్లస్, మైనస్, హైఫన్, కామా లాంటివాటిని గుర్తుగా కాక పేరుతో రాయమని మైక్రోసాఫ్ట్ శైలి గైడు చెబుతుంది. ఈమాక్స్ అలా మొహమాటపడదు. అక్షరాల సైజు తగ్గించే ఆదేశం సీ-ఎక్స్ సీ అని, వెనక రెండు గీతలు. ఒకటి కలిపే గీత, రెండోది నొక్కాల్సిన గీత.

బయటికి దారి

విమ్‌లోంచి బయటపడటం ఎలా అని స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2012లో ఒకరు అడిగారు. 2017 నాటికి ఆ ప్రశ్నని పది లక్షల సార్లు చూశారని ఆ సైటువాళ్లే ప్రకటించారు. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన ఈ ఎడిటర్ మీద ఉన్న జోకుల్లో సగం ఇదే. అయితే నిజానికి ఎడిటర్ దారి చూపకపోలేదు. గాబరాలో ఎవరైనా మొట్టమొదట నొక్కేది కంట్రోల్-సీ. అది నొక్కగానే అడుగున ఒక లైను వస్తుంది. పాత వెర్షన్లలో ఆ లైను, కోలన్ తర్వాత క్విట్ అన్న మాట, దానికి ఆనుకుని కోణపు బ్రాకెట్లలో ఎంటర్ అని, ఇదంతా టైప్ చేస్తే బయటికి వెళ్లొచ్చని చెప్పేది. తెలిసినవాడికి స్పష్టంగానే ఉంది. తెలియనివాడికి బ్రాకెట్లతో సహా ఎంటర్ అన్న అక్షరాలు కూడా టైప్ చేయాలేమో అన్న అనుమానం.

తర్వాతి వెర్షన్లలో దాన్ని మార్చారు. కోలన్, క్యూ, ఏ టైప్ చేయండి, తర్వాత ఎంటర్ నొక్కండి అని రెండు క్రియలుగా విడదీశారు. మార్చింది రెండు మూడు మాటలే. కానీ ఏది అక్షరం, ఏది బిళ్ల అన్నది తేలిపోయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల శైలి గైడ్లు కూడా ఇదే పట్టుబట్టి చెబుతాయి: బిళ్ల అయితే నొక్కాలి, మాటలైతే టైప్ చేయాలి. ఇంగ్లిషులో ఉన్న ఇబ్బంది ఏమిటంటే 'ఎంటర్' అన్న మాట బిళ్ల పేరూ అవుతుంది, క్రియా అవుతుంది. మన ఆఫీసుల్లో 'ఎంటర్ కొట్టు' అంటాం, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. అదే మాట మాన్యువల్‌లో రాయబోతే మాత్రం ఎందుకో కలం ఆగి, గౌరవంగా 'నొక్కండి' అని రాస్తుంది.

ఏదైనా కీ

కొనసాగడానికి ఏదైనా కీ నొక్కండి అన్న డాస్ సందేశం చూసి 'ఎనీ' అని రాసి ఉన్న కీ కోసం వెతికినవాళ్ల కథలు మీరూ వినే ఉంటారు. కాంపాక్ కంపెనీ తన సాయం పేజీలో ఆ ప్రశ్నకి జవాబు కూడా పెట్టింది. నవ్వుకుని వదిలేయడానికి లేదు, ఎందుకంటే ఆ సందేశం అక్షరాలా నిజం కాదు. షిఫ్ట్ ఒక్కటే నొక్కి చూడండి, కంట్రోల్ ఒక్కటే నొక్కి చూడండి, ఏమీ జరగదు. అవి కూడా కీలే కదా!

తనని తాను దిద్దుకునే మాన్యువల్

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. ఈమాక్స్‌లో ప్రతి ఆదేశానికీ లోపలే ఒక చిన్న వివరణ ఉంటుంది. ఆ వివరణలో ఇంకో ఆదేశాన్ని ప్రస్తావించాల్సి వస్తే, రాసేవాళ్లు కీని నేరుగా రాయరు. వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టి, చదరపు బ్రాకెట్లలో ఆ ఆదేశం పేరు రాస్తారు. ఉదాహరణకి ఫైలు సేవ్ చేసే ఆదేశం పేరు 'సేవ్-బఫర్'. మీరు హెల్ప్ తెరిచిన క్షణంలో ఎడిటర్ ఆ పేరు చూసి, మీ దగ్గర ఆ పని ఏ కీకి కట్టి ఉందో వెతికి, అక్కడ ఆ కీ రాసి చూపిస్తుంది. మామూలుగా అయితే సీ-ఎక్స్ సీ-ఎస్ అని కనిపిస్తుంది. మీరు దాన్ని ఎఫ్-2కి మార్చుకుని ఉంటే, అదే వాక్యంలో ఎఫ్-2 అని కనిపిస్తుంది. ఏ కీకీ కట్టి లేకపోతే ఎమ్-ఎక్స్ నొక్కి ఫలానా పేరు టైప్ చేయండి అని కనిపిస్తుంది.

అంటే రాసినవాడు పని పేరే రాశాడు. చదివేవాడి కీబోర్డు సంగతి చదివే సమయానికి తేలుతుంది. అచ్చు పుస్తకానికి ఈ భాగ్యం లేదు, పీడీఎఫ్‌కీ లేదు. కీలు మార్చుకునే వీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ఇన్ని ఉండగా, వాటి హెల్ప్ పేజీలు మాత్రం ఫ్యాక్టరీలో పెట్టిన కీలనే వల్లిస్తుంటాయి. ఈ చిట్కా అవి ఎందుకు అందిపుచ్చుకోలేదో అంతుపట్టదు.

తిరగేసి అడిగే సౌకర్యమూ ఉంది. సీ-హెచ్ తర్వాత కే నొక్కి, ఏ కీ గురించి అనుమానమో అది నొక్కితే దాని పని చెబుతుంది. సీ-హెచ్ తర్వాత డబ్ల్యూ నొక్కి పని పేరు చెబితే దాని కీ చెబుతుంది. చేయి తగిలి ఏదో నొక్కేశాం, స్క్రీన్ అంతా మారిపోయింది, ఏం నొక్కామో గుర్తులేదు అనుకోండి. సీ-హెచ్ తర్వాత ఎల్. మామూలుగా చివరి 300 నొక్కుళ్లు వరసగా చూపిస్తుంది. గైడు రాసేవాళ్లకి కూడా ఇది మంచి సాధనం. ముందు పని చేసి, తర్వాత ఆ జాబితా చూసి రాస్తే వేళ్లు నిజంగా ఏం చేశాయో అదే రాతలోకి వస్తుంది.

ఒకే కీకి మూడు పేజీలు

విమ్‌లో కంట్రోల్-వీ ఏం చేస్తుందని హెల్ప్‌ని అడిగితే, ఏ స్థితిలో ఉండగా అన్నది కూడా చెప్పాలి. మామూలు స్థితిలో అది నిలువు దిమ్మెగా ఎంచుకోవడం మొదలుపెడుతుంది. టైప్ చేసే స్థితిలో, తర్వాత వచ్చే కీని ఆదేశంగా కాక ఉన్నదున్నట్టు ఫైల్లో పెడుతుంది. అడుగున కోలన్ లైనులోనూ అదే పని. అందుకే హెల్ప్ శీర్షికల ముందు చిన్న ముక్కలు తగిలించారు. టైపింగ్ స్థితి అయితే ఐ, కమాండ్ లైను అయితే సీ, ఎంపిక స్థితి అయితే వీ, ఆ పక్కన కింది గీత, తర్వాత కీ పేరు. విండోస్ అలవాట్ల సెట్టింగు వేసుకున్నవాళ్లకి కంట్రోల్-వీ పేస్ట్ చేసేస్తుంది. వాళ్లు పాత పనికి కంట్రోల్-క్యూ వాడుకోవాలి. స్థితి చెప్పకుండా కీ ఒక్కటే చెప్పే విమ్ చిట్కాలు చాలా చోట్ల కనిపిస్తాయి, అవి సగం చిట్కాలే.

మాటలూ ఇలాగే మోసం చేస్తాయి. 'యాంక్' అంటే విమ్‌లో కాపీ, ఈమాక్స్‌లో పేస్ట్.

కీబోర్డు మారింది, పుస్తకం మారలేదు

విమ్‌కి మూలమైన వీఐని బిల్ జాయ్ 1976లో రాశాడు. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్ మీద హెచ్, జే, కే, ఎల్ బిళ్లల పైన బాణాలు అచ్చయి ఉండేవి. ఎడమ, కింద, పైన, కుడి. కర్సర్ కదపడానికి ఆ నాలుగు అక్షరాలే ఎందుకని ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు తల పట్టుకుంటారు గానీ, అప్పుడు వివరణే అక్కర్లేదు, బిళ్ల మీదే కనపడేది. ఎస్కేప్ బిళ్ల కూడా ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. ఎస్కేప్ నొక్కండి అన్న సూచన నాడు ఒక చిన్న కదలిక, నేడు మూల దాకా చేయి చాచాల్సిన పని. 2016లో యాపిల్ కొన్ని మ్యాక్‌బుక్ ప్రో మోడళ్లలో ఎస్కేప్ బిళ్లనే తీసేసి, దాని బదులు స్క్రీన్ లాంటి పట్టీ మీద బొమ్మగా చూపించింది. 2019లో 16 అంగుళాల మోడల్‌తో బిళ్ల తిరిగొచ్చింది.

తెలుగు టైప్ చేస్తుండగా

ఈమాక్స్‌లో సీ-హెచ్ తర్వాత హెచ్ నొక్కితే ప్రపంచ భాషల్లో పలకరింపుల ఫైలు ఒకటి తెరుచుకుంటుంది. అందులో మన 'నమస్కారం' కూడా ఉంది. తెలుగు టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు రెండూ ఎడిటర్‌లోనే ఉన్నాయి.

ఇన్‌స్క్రిప్ట్‌లో 'క్ష' రాయాలంటే కే బిళ్ల నొక్కితే క, డీ నొక్కితే పొల్లు, షిఫ్ట్ పట్టుకుని కామా నొక్కితే ష. కంటికి అక్షరం ఒకటి, యూనికోడ్‌లో మూడు. బ్యాక్‌స్పేస్ 'ఒక అక్షరాన్ని చెరుపుతుంది' అని మాన్యువల్‌లో ఉంటే మనవాళ్లు క్ష మొత్తం పోతుందనుకుంటారు. ఈమాక్స్‌లో పోయేది చివరి ష మాత్రమే, క్ మిగులుతుంది. డిలీట్ బిళ్ల ఇంకో రకం: 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి అది ముందున్న అక్షరాన్ని కూర్పు మొత్తంతో సహా ఒక్క దెబ్బకి తీసేస్తుంది. ఆ తేడా వెనక కారణం ఉంది. టైప్ చేస్తూ వెనక్కి వెళ్లేవాడు సాధారణంగా ఇప్పుడే పడిన ముక్కని దిద్దుకోవాలనుకుంటాడు, మొత్తం మళ్లీ కొట్టాలనుకోడు. తెలుగులో గైడు రాసేవాళ్లు అక్షరం అని వదిలేయకుండా, క్షలో ఏం పోతుందో ఒక ఉదాహరణతో చూపిస్తే నయం.

చివరగా ఒక ఉపయోగపడే సంగతి. లినక్స్‌లో సిస్టమ్ కీబోర్డునే తెలుగుకి మార్చేసి ఈమాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని కే నొక్కారనుకోండి. ఎడిటర్‌కి చేరేది కంట్రోల్-కే కాదు, కంట్రోల్-క. అలాంటి కీకి ఏ పనీ కట్టి లేదని జవాబిస్తుంది. బిళ్ల అదే, వేలు అదే, సంకేతం మారింది. విమ్‌లోనూ అంతే, మామూలు స్థితిలో జే, కే నొక్కితే ర, క వెళతాయి, కర్సర్ కదలదు. దానికి 'లాంగ్‌మ్యాప్' అనే సెట్టింగులో ఏ తెలుగు అక్షరం ఏ ఆదేశానికి సమానమో రాసుకోవాలి. ఈమాక్స్‌లో అంత శ్రమ లేదు. సిస్టమ్ కీబోర్డుని ఇంగ్లిషులోనే ఉంచి, ఎడిటర్ లోపలి తెలుగు పద్ధతిని ఎంచుకుని, కావలసినప్పుడల్లా కంట్రోల్ పట్టుకుని బ్యాక్‌స్లాష్ నొక్కుతూ మార్చుకుంటే సరి. అప్పుడు అక్షరాలు తెలుగులో పడతాయి, సీ-ఎక్స్ సీ-ఎస్ మాత్రం ఎప్పటిలాగే సేవ్ చేస్తుంది.